ఎనిమిదో పాట

హెప్సిబాకి మొదటిసారి పొలమారినప్పుడు ఎస్తేరు విని కూడా విననట్టు ఊరుకుంది.

ఆ రోజు ఐదో పాట రికార్డింగు జరుగుతోంది. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు వెనక సందులో మూతబడిన ఐసు ఫ్యాక్టరీ ఒకటి ఉంటే దాన్ని బెన్హర్ స్టూడియోగా మార్చుకున్నాడు. చలి బయటికి పోకుండా కట్టిన మందపాటి గోడలు ఇప్పుడు చప్పుడును బయటికి పోనివ్వవు. అద్దానికి అవతల మైకు ముందు హెప్సిబా నిలబడి ఉంది. ఇవతల మీటల బల్ల దగ్గర బెన్హర్, అతని పక్కన ఒళ్లో లాప్‌టాప్‌తో ఎస్తేరు.

హెప్సిబాకి అరవై రెండేళ్లు. రాక్ సంగీతం వినేవాళ్లు ఆవిడను కేకల హెప్సీ అంటారు. 'తుప్పు' అనే బ్యాండుకి మొదటినుంచీ ఆవిడే గొంతు, బెన్హరే డ్రమ్ములు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో మొదలుపెట్టి, పోర్టు క్రేన్ల మీదా, షిఫ్టు సైరన్ల మీదా, కూలిపోయిన క్వార్టర్ల మీదా తెలుగులో పాటలు కట్టి ఊరూరా తిరిగారు. గిటార్ల హోరును చీల్చుకుంటూ ఆవిడ పెట్టే కేక కోసమే జనం వచ్చేవారు. నాలుగేళ్ల కిందట ఆవిడ గొంతులో గడ్డ లేచింది. అది స్వరపేటిక నరాన్ని చుట్టేసుకుంది. ప్రాణం దక్కాలంటే నరం కోయక తప్పలేదు. ఆపరేషన్ తర్వాత ఎడమ స్వరతంత్రి చచ్చుబడిపోయి, నోరు తెరిస్తే గాలే తప్ప గొంతు రాలేదు.

ఎస్తేరు ఆవిడ చెల్లెలు. చచ్చుబడిన చేతివేళ్లను కదిలించే పరికరాలు తయారుచేసే ప్రయోగశాలలో ఇంజనీరు. అక్క ప్రతి మాటా ఫోన్లో టైపు చేసి చూపించడం చూడలేక, వేళ్లను వదిలేసి గొంతు మీద పడింది. అలా పుట్టింది 'తీగ'. తెగిన నరం కొసకి చుట్టే పల్చటి పొర అది. మెడ కండరాలు బిగుసుకునే తీరును బట్టి మనిషి ఏం చేయబోతున్నదో పసిగట్టి, చచ్చుబడిన తంత్రిని ఆ ప్రకారం కదిలిస్తుంది. అమర్చిన కొత్తలో దానికి ఏమీ రాదు. వాడేకొద్దీ నేర్చుకుంటుంది. హెప్సిబా దానికి పాడటం నేర్పింది. ఇరవై ఏళ్లనాటి కేక తిరిగొచ్చింది. ఇప్పుడు ఎనిమిది పాటలతో ఆల్బమ్ సిద్ధమవుతోంది. పేరు 'సి షిఫ్టు'. వాళ్ల నాన్న పోర్టులో జీవితమంతా చేసింది ఆ రాత్రి షిఫ్టే.

"చరణం బాగుంది హెప్సీ. కేక దగ్గర ఇంకోసారి" అన్నాడు బెన్హర్ మైకులో.

హెప్సిబా తల ఊపి సీసా ఎత్తి రెండు గుక్కలు తాగింది. వెంటనే పొలమారింది. వంగిపోయి, మైకు స్టాండు పట్టుకుని చాలాసేపు దగ్గింది. కళ్లు తుడుచుకుని, "నీ ఏసీ నన్ను చంపీసేలాగుందిరా బెన్హరూ" అని నవ్వింది.

బెన్హర్ కూడా నవ్వాడు. ఎస్తేరు నవ్వలేదు. ఆమె లాప్‌టాప్ తెర మీద రెండు గీతలు కదులుతూ ఉంటాయి. పైది మెడ కండరాలది, కిందిది తీగది. మింగేటప్పుడు గొంతు మూసుకోవాలి, అంటే కింది గీత పడిపోవాలి. ఇప్పుడది పైకి లేచింది. హెప్సిబా కేక పెట్టబోయే ముందు ఎలా లేస్తుందో అచ్చం అలాగే లేచింది.

ఒక్కసారే కదా అనుకుంది ఎస్తేరు. తెర మీద ఆ భాగం పక్కకి జరిగిపోయింది. అద్దానికి అవతల అక్క కేక పెట్టింది. ఎస్తేరు వీపు మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ తర్వాత గీతల సంగతి గుర్తు రాలేదు.

*

అక్కచెల్లెళ్లిద్దరూ రైల్వే న్యూ కాలనీలో ఒకే ఇంట్లో ఉంటారు. హెప్సిబా పెళ్లి చేసుకోలేదు. ఎస్తేరు భర్త పోయి చాలా కాలమైంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఎస్తేరు కోడికూర వండింది. హెప్సిబా తిండిపుష్టి గల మనిషి. కచేరీ అయ్యాక బ్యాండు మొత్తం తినేదానికంటే ఆవిడొక్కతే ఎక్కువ తింటుందని బెన్హర్ ఏడిపించేవాడు. ఆ ఆదివారం ఆవిడ కూర ముక్కలన్నీ పళ్లెం అంచుకి నెట్టేసి, అన్నంలో చారు పోసుకుని పసిపిల్లకి పెట్టేంత మెత్తగా పిసికింది. ముద్ద నోట్లో పెట్టుకుని గడ్డం రొమ్ముకి ఆనించింది. పెదాలు బిగించి ఒక్క క్షణం ఆగింది. అప్పుడు మింగింది.

"ఏటే అక్కా, అలా తింటున్నావు?"

"పన్ను సలుపుతోందే."

ఏ పన్ను అని ఎస్తేరు అడగలేదు. ఆ క్షణం ఆగినప్పుడు అక్క గొంతులో ఏదో సన్నగా మోగినట్టు అనిపించింది. అదేమిటో తర్వాత చూద్దాంలే అనుకుంది.

ఆ వారంలోనే ఇంకోటి జరిగింది. తీగకి కరెంటు మెడ చుట్టూ కట్టుకున్న పట్టీ నుంచి అందుతుంది. ఆ పట్టీకి ఛార్జింగు పెట్టడం మర్చిపోయి హెప్సిబా వంటింట్లో చేపలు వేయిస్తోంది. పట్టీ ఆగిపోయింది. పెనం కింద పడిన చప్పుడుకి ఎస్తేరు పరుగెత్తుకొచ్చేసరికి, హెప్సిబా గట్టు పట్టుకుని నోరు తెరుచుకుని ఉంది. ఊపిరి లోపలికి పోవడం లేదు. కళ్లు పెద్దవైపోయాయి. తీగ దన్ను ఒక్కసారిగా పోయేసరికి రెండు తంత్రులూ బిగుసుకుని గొంతు మూసేశాయి. ఎస్తేరు అదనపు పట్టీ తెచ్చి చుట్టింది. గుయ్యిమని శబ్దం చేస్తూ ఊపిరి లోపలికి పోయింది.

నేల మీద కూలబడి, చెల్లెలి చెయ్యి వదలకుండా, "ఇంకెప్పుడూ దీన్ని ఆపకే" అంది హెప్సిబా.

ఆ తర్వాత, తీగను హఠాత్తుగా ఆపకూడదని ప్రయోగశాలలో అందరికీ చెప్పింది ఎస్తేరు. ఆ ఒక్కటీ చెప్పింది. పొలమారడం గురించి చెప్పలేదు.

*

తీగ కోసం ఎదురుచూస్తున్న రెండో మనిషి నూకరత్నం. ఫిషింగ్ హార్బర్లో చేపల వేలంపాట పాడే మనిషి. బోటు దిగిన సరుకు బుట్టలకి ధర ఎత్తి, కొనేవాళ్ల గోల మీద గోలగా అరిచి పాట కొట్టేది. ఆమెకీ గొంతు ఆపరేషన్లోనే నరం పోయింది. "పాట పాడకపోతే నన్నెవరు పిలుస్తారు డాక్టరమ్మా" అని, ఆ గాలి గొంతుతోనే, ఎస్తేరు కనిపించినప్పుడల్లా అడిగేది. డాక్టరు కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకి ఎస్తేరు డాక్టరమ్మే.

నూకరత్నానికి ఆపరేషన్ చేయాలంటే హెప్సిబా మింగడం సవ్యంగా ఉందో లేదో పరీక్షించి చెప్పమంది అనుమతుల కమిటీ. ప్రయోగశాల పెద్ద, డాక్టర్ పరాంకుశం, ఆ పని ఎస్తేరుకే అప్పగించాడు.

ఎక్స్‌రే తెర ముందు కూర్చుని హెప్సిబా మందు కలిపిన తెల్లటి నీళ్లు మింగింది. చుక్క కూడా ఊపిరితిత్తుల వైపు పోలేదు. మళ్లీ మింగింది. మళ్లీ సరిగ్గానే పోయింది. పరాంకుశం సంతోషంగా ఎస్తేరు భుజం తట్టాడు.

ఎస్తేరు మాత్రం తన గీతలు చూస్తోంది. ప్రతి గుక్కకీ ముందు పై గీత మీద చిన్న మెలిక ఉంది. ఆ మెలిక ఆమెకి కొత్తది కాదు. పాటలో పదం 'మ్' దగ్గర ఆగేటప్పుడు అక్క గొంతు అలాగే మెలిక తిరుగుతుంది. హెప్సిబా పెదాలు బిగించి లోపల్లోపల 'మ్' అని రాగం తీస్తోంది. ఆ రాగానికి తీగ గొంతు మూస్తోంది. మూసిన క్షణంలో ఆవిడ మింగేస్తోంది.

మింగడం తీగకి రాదు. అక్క పాడి మింగుతోంది.

ఎస్తేరు తలెత్తి చూసింది. హెప్సిబా కూడా ఆమెనే చూస్తోంది. ఆ చూపులో అడగడమూ ఉంది, బెదిరించడమూ ఉంది. ఇంకా మూడు పాటలు ఉన్నాయి.

"ఇబ్బందేమీ లేదు కదా?" అన్నాడు పరాంకుశం.

"లేదు సార్" అంది ఎస్తేరు.

నెల తిరగకుండానే నూకరత్నానికి తీగ అమర్చారు. మొదటినుంచీ నేర్చుకోవాలంటే ఏడాది పడుతుంది కాబట్టి, హెప్సిబా తీగ నేర్చుకున్నదంతా కాపీ చేసి నూకరత్నం తీగకి ఎక్కించారు. పట్టీ కట్టగానే నూకరత్నం నోరు తెరిచి, "ఓలమ్మో!" అని అరిచింది. తన అరుపు తనకే వినపడి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఎస్తేరు కూడా కొట్టింది. 'మ్' అని రాగం తీసి మింగడం నూకరత్నానికి తెలీదన్న సంగతి ఆ చప్పట్ల మధ్యే ఎస్తేరుకి తట్టింది. నూకరత్నం పాడేది వేలంపాటే కదా, ఈమె తీగ అంతగా పొరబడదులే అని సర్దిచెప్పుకుంది.

*

ఆరో పాట అయింది. ఏడో పాట అయింది. హెప్సిబా చిక్కిపోయింది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. బెన్హర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంటే, "ఆల్బమ్ అయ్యాక ఆస్పత్రిలోనే పడుకుంటాలేరా" అని కసిరింది. ఎస్తేరు రోజూ స్టూడియోకి వెళ్తూనే ఉంది. అక్క సీసా ఎత్తినప్పుడల్లా తెర వైపు నుంచి చూపు తిప్పేసుకునేది.

ఎనిమిదో పాట పాడాల్సిన రోజు పొద్దున్నే పరాంకుశం ఫోన్ చేశాడు. "ఆస్పత్రికి రండి. నూకరత్నం పరిస్థితి బాగాలేదు."

నూకరత్నం మంచం మీద ఒరిగి ఉంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. ఊపిరి తీసుకున్నప్పుడల్లా రొమ్ములో నీళ్ల కుండ కదిలినట్టు చప్పుడు. పలకరిస్తే పెదాలు కదిపింది గానీ మాట రాలేదు. నిమోనియా అన్నాడు అక్కడి డాక్టరు. తిన్నదీ తాగిందీ కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి దిగి కుళ్లిందన్నాడు. తిండి ఆపేసినా ఉమ్మి దిగుతూనే ఉందన్నాడు.

ఆమె పట్టీ నుంచి ఎస్తేరు గీతలు దింపుకుని చూసింది. ప్రతి గుటకకీ కింది గీత పైకి లేచి ఉంది. ఒక్కటి కూడా తప్పిపోలేదు. గుటక వేసినప్పుడు మెడ బిగుసుకోవడమూ హెప్సిబా కేకకి ముందు మెడ బిగుసుకోవడమూ తీగకి ఒకటే అయిపోయాయి. నోరు మూసుకుని గుటక వేసిన ప్రతిసారీ నూకరత్నం గొంతు కేక పెట్టడానికి తెరుచుకుంటోంది.

"తీగ ఆపేద్దామా?" అన్నాడు పరాంకుశం.

"ఆపితే గొంతు బిగుసుకుపోద్ది సార్. మెల్లగా తగ్గిస్తే బిగుసుకోదు గానీ తంత్రి మూసుకోదు, ఉమ్మి దిగుతూనే ఉంటుంది."

"గొంతులోకి ఊపిరి గొట్టం వేసి ఆపుదాం."

ఆస్పత్రి డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "ఈ ఊపిరితిత్తులతో గొట్టం వేస్తే మళ్లీ తీయగలనో లేదో చెప్పలేను. ఇంకేదైనా దారి ఉంటే చూడండి. సాయంత్రం దాకా ఆగుతాను. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది."

దారి ఒకటుంది. హెప్సిబా ఆ రాగం తీయకుండా, మామూలు మనిషిలా మింగాలి. పొలమారినా మింగాలి. తీగ తప్పు చేసిన ప్రతిసారీ ఎస్తేరు దాన్ని దిద్దాలి. అలా నేర్చుకున్న మింగుడును నూకరత్నం తీగకి పంపొచ్చు. నూకరత్నం నరం ఇంకా కొత్తదే కాబట్టి, ఉన్న అరుపు పోగొట్టుకోకుండానే ఏది ఇచ్చినా పట్టుకుంటుంది. హెప్సిబా నరం అలా కాదు. ఒకసారి ఈ కొత్త పద్ధతికి అలవాటుపడితే పాతదాన్ని మళ్లీ దగ్గరికి రానివ్వదు. మాట ఉంటుంది. కేక ఉండదు.

ఎస్తేరు పరాంకుశం వైపు తిరిగింది. "సార్, పరీక్ష రోజే ఇది నాకు తెలుసు. గీతల్లో కనిపించింది. మీకు చెప్పలేదు."

పరాంకుశం నూకరత్నం మంచం వైపు చూశాడు. "ఆ లెక్క తర్వాత చూద్దాం. ముందు మీ అక్కను తీసుకురండి" అన్నాడు.

*

స్టూడియోలో హెప్సిబా అప్పటికే మైకు ముందు ఉంది. ఎస్తేరు చెప్పిందంతా విని, గోడకి ఆనుకుని కూర్చుంది.

"బతుకుతాదా?" అంది.

"తెలీదు. బయల్దేరు అక్కా."

"నా దగ్గర నేర్చుకున్నదే కదే అది." హెప్సిబా తన మెడ పట్టీ తడుముకుంది. "నువ్వు చూసీసావని నాకు ఆ రోజే తెలుసు. నువ్వేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు."

"బయల్దేరు."

హెప్సిబా లేచింది. గుమ్మం వైపు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి మైకు వైపు చూసింది. ఎస్తేరుకి భయమేసింది. ఆ చూపు ఆమెకి తెలుసు.

"సాయంత్రం దాకా ఆగుతానన్నాడు కదే డాక్టరు."

"అక్కా, వద్దు."

"ఒక్క గంట. పాడీసి వచ్చీస్తాను. తర్వాత ఈ గొంతు నువ్వేం చేసుకుంటావో చేసుకో. నేను నోరెత్తను."

"అక్కడ మనిషి చావుబతుకుల్లో ఉంది!"

"నాకు తెల్దనుకున్నావా?" హెప్సిబా గొంతు పగిలింది. "ఇప్పుడు నీ వెంట వచ్చీస్తే ఈ పాట నాతోనే పోద్ది. నాన్న పాటే ఇది. నలభై ఏళ్లు రాద్దామనుకున్నాను, రాలేదు. ఇప్పుడొచ్చింది. తప్పని తెలుసు. తెలిసే అడుగుతున్నాను."

బెన్హర్ ఇద్దరి మధ్యా నిలబడి ఎవరి మొహమూ చూడలేకపోయాడు. హెప్సిబా లోపలికి వెళ్లి తలుపు గడియ పెట్టుకుంది. అద్దం వెనకనుంచి బెన్హర్‌కి సైగ చేసింది. బెన్హర్ ఎస్తేరు వైపు చూశాడు.

ఎస్తేరు ఒళ్లో లాప్‌టాప్ ఉంది. తీగ బలాన్ని మెల్లగా తగ్గించే మీట దాంట్లోనే ఉంది. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం గానీ, మెల్లగా తగ్గిస్తే గొంతు బిగుసుకోదు, పాట మాత్రం రాదు. అక్క తలుపు తీసుకుని బయటికి రాక తప్పదు. ఆమె వేలు ఆ మీట మీదే ఉంది.

బెన్హర్ రికార్డింగు మొదలుపెట్టాడు. ఎస్తేరు వేలు కదల్లేదు.

పాట నెమ్మదిగా మొదలైంది. నాన్న చెప్పులు తడిగా ఉండేవట. ఇంటికొచ్చినా ఆయన ఒంట్లోంచి క్రేను చప్పుడు పోయేది కాదట. ఇంట్లో ఎవరూ ఆయన్ని మెలకువగా చూసిన రోజు లేదట. ఒక ఉదయం గేటు దగ్గర గుండె పట్టుకుని కూలిపోతే, షిఫ్టు పూర్తవందే గేటు తీసేది లేదన్నారట. హెప్సిబా కళ్లు మూసుకుని ఉంది. అక్కడికొచ్చి ఆగింది. అప్పుడు "గేటు తియ్యండి!" అని కేక పెట్టింది.

బెన్హర్ మీటల మీద తల వాల్చేశాడు. ఎస్తేరు ఆ కేకలో ఆసుపత్రినీ మరిచిపోయింది, నూకరత్నాన్నీ మరిచిపోయింది. ఎంతసేపో తెలీదు. తేరుకునేసరికి తన మొహం తడిసి ఉంది. మీట మీద నుంచి వేలు ఎప్పుడు తీసేసిందో గుర్తులేదు.

మొదటిసారి ముందే రికార్డు చేసిన గిటారు ట్రాకుతో పాట కలవలేదు. రెండోసారి పూర్తిగా వచ్చింది. అనుకున్నట్టే గంట పట్టింది. హెప్సిబా గడియ తీసుకుని బయటికొచ్చి, "పద" అంది.

*

ప్రయోగశాలలో ఎక్స్‌రే తెర ముందు అదే కుర్చీ. నర్సు పక్కన, గొంతులోంచి నీళ్లు లాగే గొట్టం పట్టుకుని. పరాంకుశం ఆస్పత్రిలో నూకరత్నం మంచం దగ్గర ఉన్నాడు. ఫోన్ స్పీకర్‌లో అతని ఊపిరి వినిపిస్తోంది.

"రాగం తియ్యకు అక్కా. ఉత్తినే మింగు."

నర్సు మొదటి చెంచా నోట్లో పోసింది. హెప్సిబా మింగింది. కింది గీత లేచింది. నీళ్లు నేరుగా గాలిగొట్టంలోకి దిగడం తెర మీద నల్లగా కనిపించింది. ఆవిడ కుర్చీలోంచి లేచిపోయేంతగా దగ్గింది. నర్సు నీళ్లు లాగింది. ఎస్తేరు తప్పు దిద్దింది.

"ఇంకోటి."

మళ్లీ అదే. మళ్లీ దిద్దింది. కొన్ని చెంచాలు అయ్యేసరికి హెప్సిబా పెదాలు నీలంగా మారాయి. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి. చేతులు కుర్చీ అంచుల్ని పట్టుకుని ఉన్నాయి. అలవాటు కొద్దీ ఒకసారి పెదాలు బిగించి రాగం తీసింది. ఎస్తేరు గీత చూసి, "వద్దు, అది వద్దు" అని అరిచింది. హెప్సిబా తల ఊపింది.

"ఆపుదామా మేడమ్?" అంది నర్సు భయంగా.

హెప్సిబా నర్సు చేతిలోంచి చెంచా లాక్కుని తనే నోట్లో పోసుకుంది.

ఎప్పుడో ఒకసారి కింది గీత లేవబోయి, తడబడి, ఆగింది. తర్వాతి చెంచాకి కొద్దిగా పడింది. ఆ తర్వాత ఇంకా పడింది. ఎస్తేరు ఒక్కో గుక్కనీ దిద్దుకుంటూ పోయింది. చివరికి వరసగా కొన్ని గుక్కలు దగ్గు లేకుండా దిగాయి.

"అక్కా, ఒకసారి పాడు. చిన్నగా." కొత్త పద్ధతి నిలిచిందో లేదో చూడాలి కాబట్టి అడిగింది.

హెప్సిబా నోరు తెరిచింది. ఎత్తుకోబోయిన చోట గొంతు తనంతట తనే మూసుకుపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. బొంగురు మాట వచ్చింది, అంతకు మించి లేవలేదు. ఆవిడ చేత్తో సైగ చేసింది, పంపెయ్యమని.

ఎస్తేరు పంపింది. ఫోన్లో ఆక్సిజన్ బుడబుడ తప్ప ఇంకేమీ వినపడలేదు.

"గుటక వేసింది" అన్నాడు పరాంకుశం చివరికి. "గీత కిందికి పడింది."

హెప్సిబా కుర్చీలోనే ఒరిగిపోయింది. ఆ రోజు ఆవిడను కూడా నూకరత్నం ఉన్న ఆస్పత్రిలోనే చేర్చారు.

*

నూకరత్నం బతికింది. కుడి ఊపిరితిత్తి కింది భాగం మాత్రం పోయింది. ఆ గంట ముందే వచ్చి ఉంటే అది మిగిలేదా అని ఎస్తేరు డాక్టరును అడిగింది.

"ఎలా చెప్పనమ్మా? పొద్దునే పోయిందో, మధ్యాహ్నం పోయిందో ఎవరికి తెలుసు" అన్నాడాయన.

కమిటీ ముందు ఎస్తేరు ఏదీ దాచలేదు. ఆ గంట సంగతి కూడా చెప్పింది. ఆమెను ప్రయోగశాల నుంచి తీసేశారు. తీగ పని ఆపలేదు గానీ, ఇకమీదట ముందుగా మింగడం నేర్పాకే మాట నేర్పాలని నిర్ణయించారు.

హెప్సిబా కాస్త కోలుకున్నాక నూకరత్నం మంచం దగ్గరికి వెళ్లింది. ఎస్తేరు ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపించింది. హెప్సిబా బొంగురు గొంతుతో, ఆగి ఆగి, అంతా చెప్పింది. తెలిసి దాచానని చెప్పింది. వెంటనే రాలేదని, పాట పాడుకుని వచ్చానని చెప్పింది.

నూకరత్నం కిటికీ వైపు చూస్తూ వింది. "ఆ పాట ఉందా ఫోన్లో?" అంది.

హెప్సిబా వినిపించింది. పాట అయ్యేదాకా నూకరత్నం కదల్లేదు. కేక దగ్గర ఒక్కసారి కళ్లు మూసుకుంది.

"బాగుందప్పా" అంది. ఊపిరి అందక ఆగింది. "బాగుందని నానంటే నీ మనసు కుదటపడతాదనుకున్నావేటి? బాగున్నాది. అంతే. దీన్నేటి సేస్తావో నన్నడగొద్దు. అది నా పని కాదు."

హెప్సిబా వెళ్లబోతుంటే నూకరత్నం, "సరిగ్గా తింటన్నావా?" అని అడిగింది. హెప్సిబా తల ఊపింది, గుమ్మం దాటాక ఏడ్చింది.

వాన ముసుర్లు తగ్గాక నూకరత్నం హార్బర్లో మళ్లీ పాటకి దిగింది. అక్కచెల్లెళ్లిద్దరూ వెళ్లి జనం వెనక నిలబడ్డారు. నూకరత్నం నాలుగు బుట్టల దాకా బాగానే అరిచింది. ఐదో బుట్ట దగ్గర ఊపిరి అందలేదు. బల్ల పట్టుకుని ఆగి, మామూలు గొంతుతో ధర చెప్పింది. కొనేవాళ్లకి వినపడక ఒకళ్లనొకళ్లు ఉష్ ఉష్ అని ఊరుకోబెట్టుకుని దగ్గరికి జరిగారు. ఆ హార్బర్లో పాట జరుగుతుండగా అంత నిశ్శబ్దం ఎస్తేరు ఎప్పుడూ వినలేదు. ఏడో బుట్టకి నూకరత్నం కోడలు బల్ల ఎక్కింది. నూకరత్నం పక్కకి జరిగి కూర్చుని, గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి కూడదీసుకుంది.

తిరిగొస్తుంటే ఐసు ఫ్యాక్టరీ సందు దగ్గర బెన్హర్ ఎదురొచ్చాడు. ఆల్బమ్ ఇక విడుదల చేయాలి, ఏదో ఒకటి తేల్చమన్నాడు.

"ఏడు పాటలే బయటికి వదుల్దాం" అంది హెప్సిబా.

"హెప్సీ! నువ్వు పాడినవాటిలో దానంత పాట లేదు. తెలుసా?"

"తెలుసు."

"మరి?"

"చెత్తగా ఉంటే జనంలోకి వదిలీసేదాన్ని. బాగుంది కాబట్టే వదల్లేను." హెప్సిబా గొంతు సవరించుకుంది. "జరిగిందంతా అందరికీ తెలిసిపోయింది కదా. రేపు ఈ పాట వింటారు. విని, ఆ గంట ఆగినందుకు తగ్గ పాటే అంటారు. ఒకళ్లు కాకపోతే ఒకళ్లు అంటారు. ఆ మాట నేను వినలేనురా."

బెన్హర్ ఎస్తేరు వైపు చూశాడు. నువ్వయినా చెప్పు అన్నట్టు.

ఎస్తేరు అటుగా పోతున్న చేపల లారీ మలుపు తిరిగేదాకా దాన్నే చూస్తూ నిలబడింది. అక్కకి చెప్పాలని తన నోటిదాకా వచ్చి ఉన్నది సరిగ్గా ఆ మాటే, ఆ గంటకి తగ్గ పాటే అని. ఇన్నాళ్లుగా ఆ మాటే అనుకుంటూ నిద్రపోతోంది.

"ఏడే ఉండనీ బెన్హరన్నా" అంది.